5 నిమిషాల 24 సెకన్లు: గిద్దలూరు గ్రౌండ్ నుంచి ఒక కేస్ స్టడీ

నా దగ్గర ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. 2014 నుంచి గిద్దలూరు పక్కన మా గ్రౌండ్‌కి వచ్చిన ప్రతి కుర్రాడికీ అందులో ఒక పేజీ ఉంటుంది. పైన పుట్టిన తేదీ, ఎత్తు, ఛాతీ. కింద వారం వారం 1.6 కిలోమీటర్ల పరుగు ఎంతలో పూర్తి చేశాడు, బీమ్ (కడ్డీ పట్టుకుని ఒళ్లు పైకి లాగడం) ఎన్ని కొట్టాడు అన్న లెక్క. నేను ఆర్టిలరీలో, అంటే ఫిరంగి దళంలో, 17 ఏళ్లు చేసి హవల్దార్‌గా ఇంటికొచ్చాను. తెల్లవారుజామున 4:30కి పిల్లల్ని పరిగెత్తించడమే అప్పటి నుంచి నా పని.

ఈ కేసు ఆ పుస్తకంలోని రెండు పేజీలకు సంబంధించింది. ఒకే ఇంటి అన్నదమ్ములు. పేర్లు రాయను, ఇంట్లో పిలిచినట్టే పెద్దోడు, చిన్నోడు అంటాను. ఆర్మీ ఫిజికల్‌కి తయారు చేసే నాలాంటి వాళ్లకీ, పిల్లల్ని గ్రౌండ్‌కి పంపే తల్లిదండ్రులకీ పనికొస్తుందని రాస్తున్నాను. వాళ్ల నాన్నకు ముందే చదివి వినిపించాను. "రాయన్నా, ఇంకొకరి బిడ్డకన్నా ఉపయోగపడుతుంది" అన్నాడు.

ముందు ఆ ఇంటి గురించి చెప్పాలి. వాళ్ల నాన్న కూడా మిలిటరీ మనిషే, నాకన్నా జూనియర్. నాలుగెకరాల మెట్ట ఉంది. మూడు బోర్లు వేస్తే రెండు ఎండిపోయాయి. మిగిలినదాంట్లో నీళ్లు సంక్రాంతి దాటితే అనుమానమే. అయినా ఆ ఇల్లు నిలబడింది. శ్లాబు పడింది, ఆడపిల్ల పెళ్లి జరిగింది, ఇద్దరు మగపిల్లలు కంభంలో ఇంటర్ చదివారు. ఇదంతా పెన్షన్‌తో జరిగింది. ఆ తల్లి ఒకసారి నాతో, "బోరు ఎండిందిగానీ అన్నా, ఫస్టు తారీఖు ఎప్పుడూ ఎండలేదు" అంది. మా వైపు పిల్లలు మిలిటరీకి ఎందుకు ఎగబడతారో ఆ మాటలోనే ఉంది. దేశభక్తి లేదని కాదు, నిండుగా ఉంది. కానీ వానను నమ్ముకోలేని నేల మీద 15 ఏళ్లు సర్వీసు చేస్తే బతికున్నంత కాలం పెన్షన్ వస్తుంది, తర్వాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది అన్న ధైర్యం చిన్నది కాదు.

పెద్దోడు 2018 నవంబర్‌లో గ్రౌండ్‌కి వచ్చాడు. అప్పటికి 18 నిండాయి. మొదటి రోజు 1.6 కిలోమీటర్లకి 6 నిమిషాల 50 సెకన్లు తీసుకున్నాడు. మూడో రౌండ్‌లో భుజాలు బిగబట్టి, పిడికిళ్లు మూసి పరిగెత్తేవాడు. ముందు చేతులు వదులు చేయడం నేర్పాను. ఆరు నెలలకి 6 నిమిషాలకు వచ్చాడు. 2020 మొదట్లో 5:24 కొట్టాడు. 5:30 లోపు వస్తే ఫస్ట్ గ్రూప్, 60 మార్కులు. 10 బీమ్‌లకి 40. రెండూ కలిస్తే నూటికి నూరు. ఆ రోజు స్టాప్‌వాచ్ వాడికే చూపించాను. వాడు దాన్ని రెండు చేతుల్లో పట్టుకుని చాలాసేపు చూశాడు.

తర్వాత కోవిడ్ వచ్చింది. సైన్యంలో 2018-19లో 53,431 మంది, 2019-20లో 80,572 మంది చేరారు. ఆ తర్వాత రెండేళ్లు సున్నా. 2020-21లో దేశం మొత్తం మీద 97 రిక్రూట్‌మెంట్ ర్యాలీలు అనుకుంటే 47 జరిగాయి. ఆ 47లో నాలుగింటికే రాత పరీక్ష పెట్టారు. మరుసటి ఏడాది 87 అనుకుంటే నాలుగే జరిగాయి, రాత పరీక్ష ఒక్కదానికీ లేదు. పార్లమెంటులో ప్రభుత్వమే చెప్పిన లెక్కలివి.

పెద్దోడు వెళ్లింది ఆ 47లో ఒకదానికి. పరుగు ఫస్ట్ గ్రూప్, బీమ్ పది, డిచ్ (గొయ్యి) దూకాడు, జిగ్‌జాగ్ (వంకర దుంగ మీద నడక) చేశాడు, మెడికల్ కూడా ఫిట్ అయ్యాడు. ఇక మిగిలింది రాత పరీక్ష ఒక్కటే. అడ్మిట్ కార్డు ఇచ్చారు. వాళ్లమ్మ దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో, పెన్షన్ పుస్తకం పక్కన దాచింది.

పరీక్ష వాయిదా పడింది. మళ్లీ పడింది. ఇంకోసారి కూడా పడింది. ఈ కేసులో అసలు రోగం ఇక్కడే మొదలైంది.

పరీక్ష ఎప్పుడో తెలియని కుర్రాడు ఏ పనిలో చేరతాడు? హైదరాబాద్‌లో ఒక గోడౌన్‌లో సూపర్‌వైజర్ పని వచ్చింది, వెళ్లలేదు. డిగ్రీలో చేరమంటే, "మధ్యలో పిలిస్తే ఫీజు పోతుంది కదా సార్" అన్నాడు. పొద్దున రన్నింగ్, పగలు గైడ్ పుస్తకం, సాయంత్రం బీమ్. వాళ్ల నాన్న ఎప్పుడు కనిపించినా "ఇంకో నెల చూద్దామన్నా" అనేవాడు. అలా 16 నెలలు గడిచాయి.

ఇక్కడ తప్పు నాది. దాచకుండా రాస్తున్నాను.

పరుగులో ఏ కుర్రాడినైనా పీక్‌లో ఉంచగలిగేది కొన్ని వారాలే. ఆ తర్వాత దించాలి, ఎముకకూ కండకూ ఊపిరి ఇవ్వాలి, ర్యాలీ తేదీ వచ్చాక మళ్లీ ఎక్కించాలి. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా, "రేపే పిలుస్తారేమో" అన్న టెన్షన్‌లో పెద్దోడిని 16 నెలలూ పీక్‌లోనే ఉంచాను. వర్షాకాలంలో గ్రౌండ్ బురదైతే తారు రోడ్డు మీద పరిగెత్తించాను. వాడి బూట్ల అడుగులు అరిగిపోయాయని చూసి కూడా, "ర్యాలీకి ముందు కొత్తవి కొందాంలే" అన్నాను.

నోట్‌బుక్‌లో వాడి పేజీ ఇప్పుడు తీసి చూస్తే అంతా కనిపిస్తుంది. 5:24, 5:19, 5:21, 5:22. తర్వాత 5:29, 5:31, 5:38. పుస్తకం చెబుతూనే ఉంది, నేనే వినలేదు. మనసులో దిగులు పెట్టుకున్నాడు, అందుకే కాళ్లు కదలడం లేదు అనుకున్నాను. గట్టిగా తిట్టాను కూడా. వాడు నొప్పి అని ఒక్కసారీ అనలేదు. మెడికల్‌లో అన్‌ఫిట్ అంటారేమోనన్న భయంతో ఈ పిల్లలు నొప్పి దాస్తారు. ఒకరోజు పరుగయ్యాక గట్టు మీద కూర్చుని, కుడి ముంగాలి ఎముక లోపలి అంచు మీద బొటనవేలితో నొక్కుకుంటున్నాడు. దగ్గరికెళ్లి నేను నొక్కాను. ఒకే ఒక్క చోట, రూపాయి బిళ్లంత జాగాలో, అరిచాడు. ఒంటికాలి మీద గెంతమంటే గెంతలేకపోయాడు. ఎక్స్‌రేలో ఏమీ కనపడలేదు. తర్వాత ఎంఆర్ఐ తీయిస్తే ఎముకలో సన్నటి చీలిక ఉందన్నారు. దాన్ని స్ట్రెస్ ఫ్రాక్చర్ అంటారు. ఒక్క దెబ్బకు వచ్చేది కాదు, వేల అడుగుల బరువు ఒకే చోట పడీ పడీ వస్తుంది.

అది 2022 ఏప్రిల్. ఎనిమిది వారాలు పరుగు ఆపేయమన్నారు. ఆ ఎనిమిది వారాలు అయిపోయే లోపే జూన్ 14న అగ్నిపథ్ ప్రకటన వచ్చింది, సిపాయిలను నాలుగేళ్లకే తీసుకునే పథకం, అందులో చేరేవాళ్లే అగ్నివీర్‌లు. దాంతో పాటు, పాత ర్యాలీలు, ఆగిపోయిన రాత పరీక్షలు అన్నీ రద్దు. అందరూ కొత్తగా దరఖాస్తు చేసుకోవాలి. బీరువాలో అడ్మిట్ కార్డు చెల్లని కాగితమైంది.

మూడు రోజులకి, జూన్ 17న, అగ్నిపథ్ వద్దన్న ఆందోళనలో సికింద్రాబాద్ స్టేషన్‌లో రైళ్లు తగలబడ్డాయి. పోలీసు కాల్పుల్లో వరంగల్ వైపు కుర్రాడు ఒకడు చనిపోయాడు. వాడు కూడా మా పెద్దోడిలాగే ఫిజికల్ పాసై పరీక్ష కోసం చూస్తున్నవాడే. మా పిల్లల ఫోన్లలో వాట్సాప్ మెసేజ్‌లు ఆగలేదు. మర్నాడు నాలుగు గంటలకే గ్రౌండ్‌కి పోయి, వచ్చినవాళ్లందరినీ కూర్చోబెట్టాను. "మీ కడుపు మంట నాకు తెలుసు. కానీ ఎవరూ రైలెక్కొద్దు. ఒక్క కేసు పడితే జీవితాంతం ఏ యూనిఫామూ దొరకదు" అన్నాను. పెద్దోడు వెనక వరసలో తల వంచుకుని కూర్చున్నాడు, ఏమీ అనలేదు. జూన్ 19న సైన్యం అదే మాట చెప్పింది. ఆందోళనల్లో పాల్గొనలేదని రాసివ్వాలి, కేసు ఉంటే చేర్చుకోరు.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఎందుకంటే మా గ్రౌండ్‌లో జరిగినదాని వేరు ఢిల్లీ బడ్జెట్‌లో ఉంది.

చాలామంది "రక్షణ బడ్జెట్ కోసేశారు" అంటారు. మొత్తంగా చూస్తే అది నిజం కాదు. 2020-21 బడ్జెట్‌లో రక్షణకు 4.71 లక్షల కోట్లు పెట్టారు. 2025-26లో అది 6.81 లక్షల కోట్లయింది. తగ్గింది పెన్షన్ల వాటా. 2020-21లో పెన్షన్లకే 1.33 లక్షల కోట్లు, అంటే ప్రతి వంద రూపాయల్లో 28. 2025-26లో పెన్షన్లు 1.60 లక్షల కోట్లు, వందలో 24 లోపు. ఈ మార్పు అగ్నిపథ్ తెచ్చింది కాదు, ఆ పొదుపు ఇంకా రావాలి. నేటి సిపాయి రిటైరైతేనే కదా పెన్షన్. 15 ఏళ్ల తర్వాత, 20 ఏళ్ల తర్వాత కనిపించే పొదుపు అది. ప్రభుత్వం పైకి చెప్పిన కారణం సైన్యం వయసు, సగటు 32 నుంచి 26కి తేవాలని. అదీ అబద్ధం కాదు, కొండల మీద వయసు ఎంత ముఖ్యమో నాకు తెలుసు. అయితే నలుగురిలో ముగ్గుర్ని పెన్షన్ లేకుండా ఇంటికి పంపే పథకానికి ఖర్చుతో సంబంధం లేదంటే నేను నమ్మను.

నేను గన్నర్‌ని. కొత్త ఆయుధాలు రాకపోతే ఏమవుతుందో నా కళ్లతో చూశాను. 80ల్లో బోఫోర్స్ వచ్చాక, 2018 నవంబర్‌లో దేవ్‌లాలీలో కే9 వజ్ర, ఎం777 వచ్చేదాకా ముప్పై ఏళ్లు మన ఆర్టిలరీకి కొత్త పెద్ద గన్ను దిగలేదు. నా సర్వీసంతా ఆ ముప్పై ఏళ్ల లోపలే గడిచింది. కాబట్టి జీతాలు, పెన్షన్లు తగ్గించి ఆయుధాలు కొనాలి అనేవాళ్ల వాదన నాకు అర్థమవుతుంది. నా బాధ వేరే. ఆ పొదుపు ఎవరి ఇంటి నుంచి వస్తోందో ఆ ఇంటివాళ్లకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు. రెండేళ్లు అడ్మిట్ కార్డు చేతిలో పెట్టుకుని కూర్చున్న వాళ్లకు కనీసం ఆ పరీక్ష పెట్టి, ఆ తర్వాత నుంచి కొత్త పద్ధతి అంటే ఖజానాకు పెద్ద నష్టం ఉండేది కాదు. ఆ రెండేళ్లలో ఈ పిల్లల వయసు కరిగిపోయింది. దాన్ని ఏ బడ్జెట్టూ తిరిగివ్వలేదు.

ఆ ఒక్క ఏడాదికి వయసు పరిమితి 21 నుంచి 23కి పెంచారు. పెద్దోడికి 21 దాటి ఎనిమిది నెలలు. ఇంకో అవకాశం దొరికింది. కాలు పూర్తిగా కుదుటపడకముందే మళ్లీ మొదలుపెట్టాం. వద్దని నేను గట్టిగా చెప్పి ఉండాల్సింది. ఏడాది చివర్లో జరిగిన ర్యాలీలో 5:52 వచ్చింది. 5:45 దాటితే ఇంటికే. ఏడు సెకన్లు.

బస్సు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. "సార్, ఐపోయింది" అన్నాడు. మా ఆవిడ అన్నం పెడితే తిన్నాడు. రాత్రి తొమ్మిదికి వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్లాడు.

చిన్నోడి పేజీ వేరేగా ఉంటుంది. వాడు 2004లో పుట్టాడు. అన్న ఎదురుచూపులన్నీ ఇంట్లోనే చూశాడు. 2023 నుంచి పద్ధతి మారింది, ముందు ఆన్‌లైన్ రాత పరీక్ష, పాసైనవాళ్లకే ర్యాలీ. ఇది మంచి మార్పు అని నా అభిప్రాయం. ఫిజికల్ పాసై నెలల తరబడి గాల్లో వేలాడడం తప్పింది. చిన్నోడిని ఈసారి మెట్లు మెట్లుగా ఎక్కించాను. రాత పరీక్ష వరకు వారానికి మూడు రోజులే పరుగు, అదీ మట్టి మీద. ర్యాలీ తేదీ తెలిశాకే పది వారాల గట్టి ట్రైనింగ్. కొత్త బూట్లు మొదట్లోనే కొనిపించాను. 5:17తో పాసయ్యాడు. ఆ ఏడాది చివర్లో నాసిక్ రోడ్ ఆర్టిలరీ సెంటర్‌కి వెళ్లాడు. నా ఆర్టిలరీయే వాడికి వచ్చిందని మాత్రం నాకు చాలా సంతోషం.

వాడు వెళ్లే ముందు రోజు సాయంత్రం వాళ్ల వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని నేనూ వాళ్ల నాన్నా లెక్క వేశాం. మొదటి ఏడాది జీతం 30,000. అందులో 30 శాతం, అంటే 9,000 నిధికి పోతుంది, చేతికి 21,000. నాలుగో ఏడాదికి జీతం 40,000 అవుతుంది, చేతికి 28,000. కోసినంత మొత్తం ప్రభుత్వం కూడా వేస్తుంది. నాలుగేళ్లయ్యాక వడ్డీతో కలిపి సుమారు 11.71 లక్షలు, దాని మీద పన్ను లేదు. నూటికి 25 మంది వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు. మిగతా 75 మందికి పెన్షన్, గ్రాట్యుటీ ఉండవు.

"పదకొండు లక్షలంటే పెద్ద మొత్తమే కదన్నా" అన్నాడు వాళ్ల నాన్న. ఏడు శాతం వడ్డీకి వేస్తే నెలకు ఎంతొస్తుందో లెక్క కట్టి చూపించాను. 6,830 రూపాయలు. డీఏ (కరువు భత్యం) పెరగదు, తర్వాత భార్యకు ఫ్యామిలీ పెన్షన్ రాదు. అసలు కదిపితే అదీ తగ్గుతుంది. ఆయన పెన్సిల్ తీసుకుని 6,830 కింద గీత గీసి, పక్కన తన పెన్షన్ అంకె రాసుకున్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

2025 మేలో శ్రీ సత్యసాయి జిల్లా కల్లితండా కుర్రాడు మురళీ నాయక్ జమ్మూకశ్మీర్ సరిహద్దులో చనిపోయాడు. ఆయనా అగ్నివీరుడే, ఆయనా ఆర్టిలరీయే. ఆ రెండు రోజులు చిన్నోడి తల్లి టీవీ ముందు నుంచి లేవలేదు. సర్వీసులో ప్రాణం పోతే 48 లక్షల ఇన్సూరెన్స్, 44 లక్షల ఎక్స్‌గ్రేషియా ఉన్నాయి. పాత పద్ధతిలో వచ్చే ఫ్యామిలీ పెన్షన్ లేదు. తూటాకు రెగ్యులర్ ఎవరో అగ్నివీర్ ఎవరో తెలియదు. పక్క పక్క బంకర్లలో ఉన్న ఇద్దరి ఇళ్లకు వేర్వేరు లెక్కలు కట్టడం నాకు మింగుడుపడదు. ఈ ఒక్క విషయంలో ఎవరెంత వాదించినా నా మనసు మారదు.

ఇంకో చిక్కు పెళ్లిళ్లలో వచ్చింది. మా వైపు ఒకప్పుడు మిలిటరీ సంబంధమంటే ఆడపిల్ల వాళ్లు ముందుకొచ్చేవాళ్లు. ఇప్పుడు చిన్నోడికి ఒక సంబంధం వస్తే, వాళ్లు అడిగిన మొదటి మాట, "నాలుగేళ్ల తర్వాత ఏం చేస్తాడు?"

ఈ కేసు తర్వాత నా పద్ధతి చాలా మార్చుకున్నాను. నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన పుట్టిన తేదీ పక్కనే "వయసు పరిమితి దాటే తేదీ" ఎర్ర ఇంకుతో రాస్తున్నాను. వరసగా మూడు వారాలు టైమ్ పెరిగితే తిట్టడం మానేసి ముందు కాలు చూస్తున్నాను. ముంగాలి ఎముక వెంట వేలితో నొక్కి, ఒంటికాలి మీద పదిసార్లు గెంతించి, నొప్పి ఒకే చోట ఉంటే ఆ రోజే పరుగు ఆపేస్తున్నాను. "నొప్పి చెబితే అన్‌ఫిట్ కారు, దాస్తే అవుతారు" అని మొదటి రోజే చెబుతున్నాను. తారు రోడ్డు పూర్తిగా బంద్.

అన్నిటికన్నా గట్టిగా పట్టుకున్నది ఇంకొకటి. పగలు ఏ పనీ నేర్చుకోని కుర్రాడిని గ్రౌండ్‌లోకి రానివ్వను. డిగ్రీ కానీ, ఐటీఐ కానీ, హెవీ లైసెన్స్ కానీ, ఏదో ఒకటి చేతిలో ఉండాలి. కొందరు తల్లిదండ్రులకు కోపం వచ్చింది. అన్నీ వదిలేసి పూర్తిగా దీని మీదే ఉండాలని చెప్పి హాస్టల్‌తో సహా వేలకు వేలు తీసుకునే అకాడమీలకు పంపారు. పంపనివ్వండి. సెలెక్ట్ అయినవాళ్లకు కూడా మొదటి సెలవులోనే చెబుతున్నాను, అగ్నివీర్‌ల కోసం ఇగ్నో పెట్టిన డిగ్రీలో చేరండి, సర్వీసులో నేర్చుకున్న పనికి అందులో సగం క్రెడిట్లు వస్తాయి అని. చిన్నోడు చేరాడు.

పెద్దోడు పోలీస్ కానిస్టేబుల్‌కి కూడా రాశాడు. 2022 నవంబర్ నోటిఫికేషన్, 6,100 పోస్టులు. 2023 జనవరిలో ప్రిలిమ్స్ పాసయ్యాడు. ఫిజికల్ కోసం పిలిచింది 2024 డిసెంబర్ చివర్లో, దాదాపు రెండేళ్లకి. కానీ ఈసారి వాడు ఖాళీగా కూర్చోలేదు. ఆ రెండేళ్లలో గిద్దలూరులో ఒక మోటార్ వైండింగ్ షాపులో పని నేర్చుకున్నాడు. ఫిజికల్ దాటాడు, మెయిన్స్ కటాఫ్‌కి కొద్దిలో ఆగిపోయాడు. రిజల్ట్ వచ్చిన రోజు సాయంత్రం షాపుకి వెళ్లి చూస్తే, కాలిన సబ్‌మెర్సిబుల్ మోటారు నుంచి పాత తీగ లాగుతున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచాడు. తెల్లవారుజామున మాత్రం గ్రౌండ్‌కి వస్తాడు. స్టాప్‌వాచ్ ఇప్పుడు వాడి చేతిలోనే ఉంటుంది. పిల్లలు నా దగ్గర దాచిన నొప్పి వాడికి చెబుతారు.

మొన్న దసరాకి చిన్నోడు సెలవు మీద వచ్చాడు. నేను షాపు మీదుగా పోతుంటే అన్నదమ్ములిద్దరూ లోపల కనిపించారు. ఐదు హెచ్‌పీ మోటారు స్టేటర్‌ని మధ్యలో పెట్టుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. పెద్దోడు రాగి తీగను స్లాట్‌లోకి తోస్తుంటే అవతలి వైపు నుంచి చిన్నోడు లాగుతున్నాడు. ఒక్కో చుట్టుకీ పైకే లెక్కపెడుతున్నారు. మధ్యలో చిన్నోడు నన్ను చూసి "సార్" అని లేవబోతే, పెద్దోడు, "లెక్క తప్పుతుంది, కూర్చో" అన్నాడు. సొంత షాపు పెట్టాలంటే ఎంతవుతుందో చిన్నోడు ఆ సెలవులోనే అన్నని అడిగి రాసుకున్నాడని వాళ్ల నాన్న చెప్పాడు.

ఇంటికొచ్చి నోట్‌బుక్‌లో చిన్నోడి పేజీ తీసి, అడుగున ఎర్ర ఇంకుతో రాశాను: నాలుగేళ్లు నిండేది 2027 చివరికి.